స్పోర్ట్సు కారులో పసిబిడ్డకు చోటు

చలికాలపు ఆదివారమున నాయుడుపేట నుండి నేలపట్టునకు గూడబాతులను చూడ బయలుదేరు ఒక కుటుంబమును ఊహింతము. తల్లి, తండ్రి, ఐదేండ్ల బాలుడు, పది నెలల పాప. వాకిట నున్నది రెండు తలుపుల స్పోర్ట్సు కారు. వెనుక రెండు చిన్న సీట్లు కలవు. పిల్లలును చిన్నవారే గనుక సరిపోవునని తోచును. కొలిచి చూచినచో ఈ లెక్క తలక్రిందులగును.

ఇట్టి కార్లను ముందు కూర్చుండు ఇద్దరి కొరకే రూపొందింతురు. పైకప్పు వెనుకకు వాలియుండును. 1963లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమున తొలుత కనబడిన పోర్షె 911లో ఇంజను వెనుక భాగముననే యున్నది. దానికి ముందు మిగిలిన కొద్ది చోటున రెండు చిన్న సీట్లు అమర్చిరి.

రెండు తలుపుల కారు మన ప్రాంతమునకు కొత్త కాదు. 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డునకు మొదట రెండు తలుపులే. ముందు సీటు వంచి వెనుకకు దూరవలసి వచ్చెడిది. ఆనాడు పసివారిని ఒడిలో పెట్టుకొనెడివారు. నేడట్లు చేయరాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు దేనినైన గుద్దుకొని ఆగినచో, ఆ దెబ్బ సుమారు 10 మీటర్ల ఎత్తునుండి పడుటతో సమానము. అప్పుడు బిడ్డను ఏ తల్లి చేతులును పట్టి నిలుపజాలవు. 14 ఏండ్ల లోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకున్న 1000 రూపాయల జరిమానా విధించునట్లు 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించిరి.

పసిపాప తల బరువు, మెడ లేత. అందుచే ఆమె సీటును కారు వెనుకవైపునకు ముఖముండునట్లు బిగింతురు. 15 నెలలు నిండువరకు ఇట్లే ఉండవలెనని ఐక్యరాజ్యసమితి 129వ నిబంధన చెప్పుచున్నది. ఈ సీటు నిడివిలో ఎక్కువ చోటు ఆక్రమించును. దానికై ముందు సీటును జరిపినచో పెద్దవారి మోకాళ్లు ముందు పలకకు తగులును. అనగా అందరికన్న చిన్నదైన బిడ్డకే అందరికన్న ఎక్కువ చోటు కావలెను! చోటు చాలలేదని పాప సీటును ముందునకు మార్చి, పనిచేయు ఎయిర్‌బ్యాగు ఎదుట వెనుకముఖముగా ఉంచుట ప్రాణాపాయము.

ఐదేండ్ల బాలునికి మాత్రము ఎత్తు సీటు వేసి బెల్టు పెట్టినచో ఆ చోటు చాలవరకు సరిపోవును. మరి కొన్నేండ్లకు వాని తల కప్పునకు తగులును, కాళ్లు ముందు సీటునకు ఒత్తుకొనును. కనుక ఈ సీట్లు అక్కరకు వచ్చునది బాల్యమున నడిమి కొద్ది యేండ్లే.

తలిదండ్రుల నడుమును లెక్కలోనికి తీసికొనవలెను. బిడ్డను ఎత్తుకొని, వంగి, ఇరుకు సందున చేయి చాచి బెల్టు బిగించుట ప్రతి మజిలీలోను తప్పదు. లారీలు పోవు చెన్నై–కోల్‌కతా రహదారి ప్రక్కన ఆగినప్పుడు పొడవైన తలుపును బార్లా తెరువవలెను. అందుచే పిల్లల సీటు ఎడమవైపున నుండుటయే మేలు.

కొనదలచినవారికి మేము చెప్పునది ఒక్కటే. బిడ్డను, బిడ్డ సీటును వెంట తీసికొనిపొండు. బిగించి చూడుడు. ముందు సీట్లలో ఇద్దరును సుఖముగా కూర్చుండుడు. బిడ్డను ముమ్మారు ఎక్కించి దింపుడు. ఆ పిమ్మటనే డబ్బు చెల్లింపుడు. మన కుటుంబమునకు మాత్రము నేలపట్టు ప్రయాణమునకు నాలుగు తలుపుల కారే తగినది.