పులిసిన బీరులో ధనియాలు: కాలుష్య నివారణ

హైదరాబాదు పాతబస్తీలోని మీర్ ఆలం మండీలో దొరికే ధనియాలు బెల్జియం తరహా గోధుమ బీరుకూ పరిమళాన్నిస్తాయి. అయితే మట్టి కల్లంపై ఎండిన గింజలకు నేలలోని సూక్ష్మజీవులు అంటి ఉంటాయి. పులిసిన బీరులోని ఆల్కహాలు, ఆమ్లత్వం, హాప్స్ చేదు వాటిలో పెక్కింటిని ఎదగనీయవు. లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్‌లలో కొన్ని రకాలు మాత్రం వీటికి లొంగక బీరును పులుపెక్కిస్తాయి. గింజలను మరిగిస్తే అవి నశిస్తాయి గాని సువాసన కూడా ఆవిరైపోతుంది.

కావున చితకగొట్టిన ధనియాలను వోడ్కా వంటి 40 శాతం ఆల్కహాలులో కొన్ని రోజులు నానబెట్టి, వడగట్టిన సారాన్ని ప్రధాన కిణ్వనం ముగిసిన పిదప కలపడం మేలు. వోడ్కా ఖర్చుకు వెనుకాడేవారు పీపాడు బీరు పారబోయవలసి వస్తే కలిగే నష్టాన్ని లెక్కించుకోవాలి. కలిపేటప్పుడు గాలి చొరబడితే ఎసిటిక్ ఆమ్ల బాక్టీరియాకు అవకాశమిచ్చినట్లే. రైతు టార్పాలిన్‌పై ఆరబెట్టి, మట్టి లేకుండా జల్లించిన ధనియాలకు ఈ బెడద మొదటినుంచే తక్కువ.