మెడనొప్పితో పాటు కనురెప్ప వాలిందా? ఆలస్యం చేయొద్దు

మెదడుకు రక్తం తీసుకెళ్లే ప్రధాన ధమనులు మెడలో 4 ఉంటాయి. ముందువైపు 2 కెరోటిడ్ ధమనులు, వెనకవైపు 2 వెర్టెబ్రల్ ధమనులు. వీటి లోపలి పొర చిరిగితే గోడలోకి రక్తం చేరి దారి ఇరుకవుతుంది. అక్కడ ఏర్పడిన గడ్డ మెదడులోకి వెళితే పక్షవాతం వస్తుంది. 50 ఏళ్లలోపు వారిలో పక్షవాతానికి ఇదొక ముఖ్య కారణం.

కొందరికి ఒకేసారి రెండు, మూడు ధమనులు చిరుగుతాయి. అప్పుడు ఒకటి మూసుకుపోతే మిగతావి ఆదుకునే అవకాశం తగ్గుతుంది. అందుకే ఒకచోట చీలిక కనిపించినా యాంజియోగ్రామ్‌లో నాలుగింటినీ పరిశీలిస్తారు.

రోడ్డు ప్రమాదం, సెలూన్‌లో మెడ మెటికలు విరిపించుకోవడం, పుట్టుకతో రక్తనాళాల గోడలు బలహీనంగా ఉండటం దీనికి దారితీయవచ్చు. ఒక్కోసారి కారణమే దొరకదు.

ఎన్నడూ లేనంతగా ఒకవైపే మెడనొప్పి, తలనొప్పి వచ్చి కనురెప్ప వాలితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, నడకలో తూలుతున్నా 108కు ఫోన్ చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ అంబులెన్స్ ఉచితం. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. కాబట్టి లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో గుర్తుంచుకుని చెప్పాలి. మెడకు దెబ్బ తగిలినా, మెటికలు విరిపించుకున్నా దాచొద్దు.

చాలామందికి మందులతో కొన్ని నెలల్లో చీలిక మానుతుంది. అయితే డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపకూడదు.