విత్తన కంపెనీకి పేరే పెట్టుబడి



పత్తి వేసినా, మిర్చి వేసినా విత్తనం ప్యాకెట్ కొనేటప్పుడు లోపలి గింజ ఎలాంటిదో కంటితో తేల్చుకోలేం. కంపెనీ పేరు చూసి డబ్బు కడతాం. అంటే కంపెనీ మనకు అమ్మేది గింజలతోపాటు నమ్మకం కూడా. ఎంత పెద్ద కంపెనీ అయినా రైతు మీద పెత్తనం చేయబోతే ఆ నమ్మకమే ముందు పోతుంది. మన పత్తి చేల కథే దీనికి సాక్ష్యం.

1,850 నుంచి 750కి

బీటీ పత్తికి 2002 మార్చిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. శనగపచ్చ పురుగుకు మందులు కొట్టీ కొట్టీ అప్పులపాలైన రైతు ఆశగా కొన్నాడు. వరంగల్ జిల్లాలో చాలాచోట్ల పంట దెబ్బతింది. పరిహారం ఇమ్మని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అడిగితే మహికో కంపెనీ ససేమిరా అంది. ఫలితం? 2005లో మెక్-12, మెక్-162, మెక్-184 రకాలకు మన రాష్ట్రంలో అనుమతి కొనసాగలేదు.

ధర సంగతీ అంతే. 450 గ్రాముల ప్యాకెట్ రూ.1,850 దాకా పలికింది. అందులో సుమారు రూ.1,250 జన్యువు రాయల్టీయే. మహికో-మోన్‌శాంటో బయోటెక్ తగినంత దిగిరాకపోవడంతో 2006 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం గుత్త వ్యాపారాల నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. మే నెలలో కమిషన్ రాయల్టీ తగ్గించమంది. రాష్ట్రం ప్యాకెట్ ధర రూ.750గా ఖరారు చేసింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లినా స్టే దొరకలేదు. 2007లో పత్తి విత్తనాల ధర నిర్ణయించే చట్టమే వచ్చింది.

2016లో కేంద్రం రాయల్టీని రూ.49కి కోసింది. ఈ దేశంలో వ్యాపారం గురించి పునరాలోచిస్తామని మోన్‌శాంటో హెచ్చరించింది. వెళ్లాలనుకుంటే వెళ్లవచ్చని కేంద్ర సహాయ మంత్రి అనేశారు. గులాబీ రంగు పురుగు బీటీకి లొంగకుండా పోయాక ఆ రాయల్టీకి ఉన్న విలువ కూడా పోయింది. 2020లో అది సున్నా అయింది. ఇంకో విశేషం. 2018లో మోన్‌శాంటోను కొన్న బేయర్ కంపెనీ, ప్రపంచమంతటా తిట్లు తిన్న ఆ పేరునే వదిలేసింది. 1901 నుంచి ఉన్న పేరది!

కోర్టులో గెలిచినా...

గుజరాత్ సంగతి చూడండి. చిప్స్ తయారీకి వాడే తమ బంగాళదుంప రకాన్ని అనుమతి లేకుండా పండించారని 2019లో పెప్సికో నలుగురు రైతులపై కేసు వేసింది. ఒక్కొక్కరి నుంచి రూ.1.05 కోట్లు అడిగింది. నాలుగైదు ఎకరాల రైతు మీద కోటి రూపాయల దావానా అని దేశమంతా మండిపడింది. వాళ్ల చిప్స్ కొనొద్దన్న పిలుపులు వచ్చాయి. మే నెలలో కేసులు వెనక్కి తీసుకోక తప్పలేదు. 2021లో ఆ రకం రిజిస్ట్రేషన్ రద్దయింది. 2024లో ఢిల్లీ హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. అంటే చివరకు కాగితం కంపెనీకి దక్కింది. కానీ జనం నోట నానింది మాత్రం కోటి రూపాయల దావాయే.

మన చేతిలో ఉన్నదేమిటి?

పంట పోయినప్పుడు గట్టున కూర్చుని కంపెనీని తిడితే పైసా రాదు. చట్టం మనకు కొంత బలం ఇచ్చింది. దాన్ని వాడుకోవాలి.

2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం మన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, తిరిగి విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఆ చట్టం కింద రక్షణ ఉన్న రకం విత్తనాన్ని బ్రాండు పేరు వేసి మాత్రం అమ్మకూడదు. అయితే హైబ్రిడ్ పత్తి, మిర్చి గింజలు దాచి వేస్తే తొలి ఏటి దిగుబడి రాదు. ఇది మరవకండి.

విత్తనం నాసిరకమైతే రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసుల్లో పోరాడింది మన రాష్ట్ర రైతులే. అందుకని:

- లాట్ నంబరు రాసిన బిల్లు లేకుండా ప్యాకెట్ కొనకండి. చీటీ ముక్క బిల్లు కాదు.
- ప్యాకెట్ మీద ఉన్న గరిష్ఠ ధర కంటే ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వకండి. మిర్చి విత్తనానికి కొరత అన్నప్పుడు మరీ జాగ్రత్త.
- ఖాళీ ప్యాకెట్, ట్యాగు, గుప్పెడు గింజలు పంట చేతికొచ్చేదాకా దాచండి.
- మొలక రాకపోయినా, కాపు రాకపోయినా చేను దున్నేయకముందే వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నకలు మీద సంతకం తీసుకోండి.
- అదే లాట్ వేసిన రైతులంతా కలిసి వెళ్లండి.

ఒక్క మాట. వాన లేక పోయిన పంటకు విత్తనాన్ని నిందిస్తే మన మాటకూ విలువ పోతుంది. ఉన్నది ఉన్నట్టు, ఆధారంతో చెప్పండి. ఒంటరి రైతుకు బదులు చెప్పకపోయినా, బిల్లులు పట్టుకుని నలభై మంది వస్తే ఏ కంపెనీ అయినా తన పేరు కోసమైనా దిగివస్తుంది.