బిలియర్డ్స్ సుద్దతో నీలిరంగు

సింగపూర్‌లో పరిశోధనశాలలకూ స్టార్టప్‌లకూ పేరుపడ్డ పేట వన్-నార్త్. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ ఉత్తరాన ఉంది కాబట్టి ఆ పేరు. 2001లో దాని మాస్టర్ ప్లాన్ గీసింది ఆర్కిటెక్ట్ జహా హదీద్. ఇలాంటి చోట భక్తికీ బొమ్మకీ పనేముంది అనుకుంటాం. చూస్తూ పోతే చాలానే ఉంది.

★ బ్యూనా విస్టా మెట్రో స్టేషన్ పక్కనే ‘ది స్టార్’. కింద దుకాణాలు, పైన 5,000 సీట్ల థియేటర్. 2012లో తెరిచారు. ఆదివారాలు న్యూ క్రియేషన్ చర్చి ఆరాధన ఇక్కడే జరుగుతుంది, తక్కిన రోజుల్లో పాటకచేరీలు. డిజైన్ చేసినవారు ఏడాస్ సంస్థకు చెందిన ఆండ్రూ బ్రామ్‌బెర్గ్.

★ పోర్ట్స్‌డౌన్ రోడ్డు వైపు వెళ్తే వెసెక్స్ ఎస్టేట్ వస్తుంది. ఒకప్పుడు బ్రిటిష్ సైనిక కుటుంబాలు కాపురమున్న నలుపు-తెలుపు ఇళ్లు. ఇప్పుడు వాటిలో చిత్రకారులు ఉంటారు, అక్కడే పని చేసుకుంటారు.

★ బ్రిటిష్ సైన్యం కట్టిన గోడల మీద సింగపూర్‌లో పుట్టిన అసలైన భక్తి చిత్రాలు చూడాలంటే మాత్రం ద్వీపం అటు చివరికి, చాంగీకి పోవాలి. 1942లో జపాన్ సేనలకు చిక్కిన ఖైదీల్లో స్టాన్లీ వారెన్ ఒకరు. యుద్ధానికి ముందు పోస్టర్లు గీసేవారు. జిగట విరేచనాలతో రాబర్ట్స్ బ్యారక్స్ ఆస్పత్రిలో పడి ఉండగా, కింది అంతస్తు ప్రార్థనాలయం గోడల మీద బొమ్మలు వేయమని పాస్టర్లు అడిగారు. లేచి నిలబడే ఓపిక లేదు. కాసేపు గీయడం, కాసేపు పడుకోవడం. రంగులూ లేవు. తోటి ఖైదీలు ఎక్కడెక్కడినుంచో సైనిక వాహనాలకు పూసే గోధుమరంగు పెయింటు, కొంచెం ఎరుపు, కొంచెం తెలుపు తెచ్చిచ్చారు. నీలం కోసం బిలియర్డ్స్ కర్రలకు రాసే సుద్దముక్కలను పొడి చేశారు. క్రీస్తు జననం బొమ్మ ఆ ఏడాది క్రిస్మస్‌కు సిద్ధమైంది. మొత్తం ఐదు చిత్రాలు. ఆ తర్వాత గోడలకు సున్నం కొట్టేశారు. ఒక చిత్రం అడుగుభాగాన్ని కొట్టేసి తలుపు పెట్టారు. 1958లో మళ్లీ బయటపడ్డాయి. బాగుచేయమని పిలిస్తే, ఆ చేదు రోజుల్ని తలుచుకోలేక మొదట రానన్న వారెన్, చివరికి 1963, 1982, 1988లలో వచ్చి తన బొమ్మలకు తానే మరమ్మతు చేశారు. 5,000 సీట్ల హాలుకన్నా ఆ సుద్దపొడి నీలమే నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. అసలు చిత్రాలు చాంగీ ఎయిర్‌బేస్ లోపల ఉన్నాయి. వాటి నకళ్లు చాంగీ మ్యూజియంలో చూడొచ్చు.

★ ఆ ప్రార్థనాలయానికి ఉన్నది లూకా పేరు. లూకా వైద్యుడు, అది ఆస్పత్రి. పైగా మరియమ్మ బొమ్మను మొదట గీసింది ఆయనేనని క్రైస్తవుల నమ్మకం. అందుకే చిత్రకారులకూ ఆయనే అండ.

★ విజయవాడలోనూ లూకా పేరిట ఒక కళాశ్రమం ఉంది: సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమం. స్థాపించినవారు లూథరన్ పాస్టర్ పి. సాల్మన్ రాజు. 1921లో పుట్టిన ఈయన బైబిల్ కథలకు ఎంచుకున్న పద్ధతుల్లో ఒకటి సింగపూర్ పొరుగున జావాలో పేరుమోసిన బాతిక్. ఇందులో కరిగించిన మైనం పూసినచోట గుడ్డ రంగు పీల్చదు. మైనం బీటలు వారినచోట మాత్రం రంగు సన్నని గీతలై లోపలికి దిగుతుంది.