ఒకే వంట – వేరువేరు విస్తళ్లు

ఇంటిలో పొయ్యి యొకటే. వండిన వంటయు నొకటే. కాని విస్తళ్ల ముందు కూర్చుండువారి దేహములు మాత్రము ఒక్క తీరువి కావు. ఎదుగుచున్న బాలిక, మధుమేహము గల తాత, రక్తపుపోటు గల నాయనమ్మ, గర్భవతియైన వదిన – వీరందరకు ఒకే కొలతతో వడ్డించుట న్యాయమువలె తోచును. కాని ఎవరి అక్కర యెట్టిదో యెరిగి వడ్డించుటయే నిజమైన న్యాయము. మన పెద్దలు దీనినే పథ్యమనిరి. పథ్యమనగా నోరు కట్టుకొనుట కాదు. దేహమునకు హితమైన దానిని ఎన్నుకొనుట.

ఆహారము మూడు పనులు చేయును. పిండిపదార్థములు, కొవ్వులు శక్తినిచ్చును. మాంసకృత్తులు కండను పెంచి, అరిగిన భాగములను బాగుచేయును. ఖనిజ లవణములు, విటమినులు దేహయంత్రమును సక్రమముగా నడిపించును. ఒక గ్రాము పిండిపదార్థము సుమారు 4 కేలరీల శక్తి నీయగా, ఒక గ్రాము కొవ్వు సుమారు 9 కేలరీల నిచ్చును. కావున నూనె కొంచెము హెచ్చినను శక్తి మిక్కిలి హెచ్చును.

కడుపు నిండినంత మాత్రమున దేహము పోషింపబడదు. పందొమ్మిదవ శతాబ్దాంతమున జావా ద్వీపములో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు ఒక వింతను గమనించెను. బాగుగా పాలిషు పట్టిన బియ్యము తినిన కోళ్లకు కాళ్లు చచ్చుపడెను. తవుడు గల బియ్యము పెట్టగా అవి కోలుకొనెను. మనుష్యులకు వచ్చు బెరిబెరి వ్యాధికిని కారణ మిట్టిదే. తవుడులోని థయమిన్ అను విటమిను లోపించుటయే దీనికి మూలమని తరువాత తేలినది. ఈ పరిశోధనకై ఐక్‌మన్‌నకు 1929లో నోబెల్ బహుమానము లభించెను. మన దేశమున 1918లో కూనూరులో మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరిని గూర్చి ప్రారంభించిన విచారణయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. జొన్నలే ముఖ్యాహారముగా బ్రతుకు పేదలలో కనిపించిన పెల్లాగ్రా వ్యాధిని గూర్చి ఈ సంస్థలోని శాస్త్రజ్ఞులు పరిశోధించిరి. తప్పు జొన్నది కాదు, బియ్యముది కాదు. ఒక్క ధాన్యముపైననే ఆధారపడుటది.

ఎదుగు బాలికలకు ఇనుము మిక్కిలి యవసరము. అది చాలనిచో రక్తహీనత కలుగును. కొంచెము నడచినంతనే ఆయాసము, చదువుపై మనసు నిలువమి దాని లక్షణములు. సోమరితనమని పెద్దలు మందలించునది ఒక్కొక్కప్పుడు ఈ వ్యాధియే కావచ్చును. ఆకుకూరలు, పప్పులు, మాంసము ఇనుమునిచ్చును. ఆకుకూరలలోని ఇనుమును దేహము సులభముగా గ్రహింపజాలదు. భోజనములో నిమ్మరసమో, ఉసిరికాయయో, జామపండో చేర్చినచో గ్రహించు శక్తి హెచ్చును. భోజనమైన వెంటనే తేనీరు త్రాగినచో తగ్గును.

గర్భవతులకు ఇనుముతోబాటు ఫోలిక్ ఆమ్లము కూడ కావలెను. తొలి మాసములలో అది లోపించినచో శిశువు వెన్నుపాముకు హాని కలుగవచ్చును. ఈ ఫోలిక్ ఆమ్లపు చరిత్రలో మన తెలుగువాని పాత్ర గొప్పది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అను వ్యాధివలన తమ సోదరులను పోగొట్టుకొనిరి. తరువాత అమెరికాలో ఆయన నాయకత్వమున శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. అది స్ప్రూ వ్యాధి చికిత్సకును, గర్భవతుల రక్తహీనతకును ఔషధమయ్యెను.

మధుమేహము గలవారి విషయమున ఒక భ్రమ కలదు. అన్నము మాని రాగిసంకటి తినినచో ఎంత తినినను దోషము లేదని కొందరనుకొందురు. రాగులలోను పిండిపదార్థమే అధికము. కావున కొలత తప్పరాదు. బెల్లము కూడ చక్కెరవంటిదే. అన్నము తగ్గించి, కూరలు, పప్పు హెచ్చించుట మంచిది. అయితే మందు పుచ్చుకొని భోజనము మానుట ప్రమాదకరము. రక్తములో చక్కెర మితిమీరి తగ్గినచో చెమట, వణకు, మైకము కలుగును. రోగికి స్పృహ యున్నచో వెంటనే చక్కెర నీరు త్రాగింపవలెను. స్పృహ లేనిచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి కొనిపోవలెను. నిత్యము దూరముంచిన చక్కెరయే ఆ క్షణమున ప్రాణము నిలుపును.

రక్తపుపోటు గలవారికి ఉప్పు శత్రువు. పెద్దవారు దినమునకు 5 గ్రాములకంటె, అనగా సుమారొక చిన్న చెంచాకంటె, తక్కువ ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కూరలో ఉప్పు తగ్గించి, ప్రక్కన ఆవకాయ, అప్పడము, ఊరమిరపకాయ వడ్డించుకొనినచో ఫలమేమి? ఇక కొబ్బరినీరు అందరకు మేలని మన నమ్మకము. కాని మూత్రపిండములు బాగుగా చెడినవారి రక్తములో అందలి పొటాషియము పేరుకొని, గుండెకే ముప్పు తేవచ్చును. కావున ఒకరికి కుదిరిన పథ్యమును వైద్యుని అడుగక మరియొకరికి విధింపరాదు.

విరేచనములగు పిల్లలకు అన్నము, నీరు ఆపుట మరొక దురాచారము. అట్టి పిల్లలకు అసలు ప్రమాదము నీరు తరుగుటయే. ఆసుపత్రిలో దొరకు లవణపు పొడిని నీటిలో కలిపి మాటిమాటికి త్రాగింపవలెను. అది దొరకనిచో, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు సమతలముగా కొలిచి కలుపవలెను. తల్లిపాలు మాన్పరాదు, తినగలిగిన బిడ్డకు మెత్తని ఆహారము పెట్టుచుండవలెను. ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

ఇన్ని చెప్పినను మరువరాని విషయ మొకటి కలదు. పెక్కు ఇండ్లలో అందరు తినిన పిదపగాని స్త్రీలు తినరు. అప్పటికి కూర గిన్నె అడుగంటును, పప్పు తేరుకొనును. మిగిలినది చారును, మజ్జిగయును. ఇనుము ఎక్కువగా కావలసినవారికి అది తక్కువగా లభించుట ఈ వరుసవలననే. దీనిని మార్చుటకు ధనము అక్కరలేదు, పాండిత్యము అక్కరలేదు. తమ విస్తరిలో ఏమున్నదో చూచుకొనుటతోబాటు, ఇంకను తిననివారికి గిన్నెలో ఏమి మిగిలినదో చూచుట బాలబాలికలు నేర్చినచో చాలును.