కరెంట్ పోయినా ఆగని వేడినీళ్ళు: మా డాబా మీది రాగి బాయిలర్ కథ

చలికాలం వస్తే మన హాస్టల్ గ్రూపులో రోజూ పొద్దున కనిపించే మెసేజ్ ఒకటుంది: "కరెంట్ పోయింది, గీజర్ లేదు, ఇవాళ స్నానం క్యాన్సిల్." అది చూసినప్పుడల్లా నాకు మా డాబా మీద ఉన్న పాత రాగి బాయిలర్ గుర్తొస్తుంది. కట్టెలతో నడిచే బాయిలర్. మీలో చాలామంది ఇళ్ళలో కూడా ఉండే ఉంటుంది, బహుశా మెట్ల కింద, లేదంటే పూలకుండీ అయిపోయి.

అది ఎలా పనిచేస్తుంది, కరెంట్ లేనప్పుడు దాన్ని ఎలా నడపాలి, ఎక్కడ ప్రమాదం ఉంది, ఈ మూడూ రాద్దామని ఈ వ్యాసం. నేను చదివింది మొత్తం ఇంగ్లీష్ మీడియం, తప్పులుంటే సర్దుకోండి.

ఇన్వర్టర్ ఉంది కదా?

నేనూ మొదట ఇదే అడిగాను. లెక్క చూడండి. ఇళ్ళలో పెట్టే 15 లీటర్ల గీజర్ మామూలుగా 2000 వాట్లు తీసుకుంటుంది. మన ఇళ్ళలో ఇన్వర్టర్లు ఎక్కువగా 800, 900 వీఏ సైజువి. ఫ్యాన్లు, లైట్లు, వైఫై వరకు ఓకే. గీజర్ స్విచ్ వేస్తే ఓవర్‌లోడ్ అని కుయ్యిమని ఆగిపోతుంది.

ఒకవేళ పెద్ద ఇన్వర్టర్ కొన్నా బ్యాటరీ సరిపోదు. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో కాగితం మీద ఉండేదే 1.8 యూనిట్ల కరెంట్. 30 లీటర్ల నీళ్ళను 22 డిగ్రీల నుంచి 62 డిగ్రీలకు తేవడానికి 1.4 యూనిట్లు పోతుంది. అంటే ఒక్క స్నానాల రౌండుతో రాత్రికి ఫ్యాన్ లేనట్టే.

అదే పని కట్టెలతో చేస్తే? కిలో ఎండు కట్టెలో సుమారు 15 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. మనకు కావలసింది 5 మెగాజౌళ్ళు. మూడింట రెండొంతుల వేడి పొగతో పాటు పైకి పోయిందనుకున్నా, ఒక కిలో కట్టెలు చాలు. ఆ 30 లీటర్లలో ఇంకో 30 లీటర్ల చన్నీళ్ళు కలిపితే 42 డిగ్రీల నీళ్ళు 60 లీటర్లు. ముగ్గురు హాయిగా స్నానం చేయొచ్చు.

2020 అక్టోబర్

మా బాయిలర్‌ని నేను సీరియస్‌గా చూసింది 2020 అక్టోబర్ 13, 14 వానల్లో. ఆ రాత్రి మీకూ గుర్తుండే ఉంటుంది. హయత్‌నగర్, వనస్థలిపురం, సరూర్‌నగర్ వైపు ఒక్క రోజులో 20 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మా దగ్గర హరిహరపురం కాలనీ లాంటివి చెరువులే అయిపోయాయి. మా వీధి కొంచెం ఎత్తులో ఉండటంతో ఇంట్లోకి నీళ్ళు రాలేదు కానీ, కింద వీధుల్లో ట్రాన్స్‌ఫార్మర్లు నీళ్ళలో ఉన్నాయని కరెంట్ ఆపేశారు. రెండు రోజుల పైనే లేదు.

మామూలుగా అయితే స్నానం మానేసేవాళ్ళం. కానీ అప్పుడు మా అక్క కాన్పుకి ఇంటికొచ్చి ఉంది. పాప పుట్టి 12 రోజులు. బాలింతకి, పసిపిల్లకి వేడినీళ్ళు లేకుండా ఎట్లా? సిలిండర్ అయిపోవడానికి వచ్చింది, బుక్ చేసినా ఆ నీళ్ళలో వచ్చేలా లేదు. ఉన్న గ్యాస్ వంటకి, తాగే నీళ్ళు కాచడానికి ఉంచాలని అమ్మ అంది. అప్పుడు నానమ్మ అంది, "డాబా మీది బాయిలర్ కడగుండ్రి. మేం నల్లగొండల ఉన్నప్పుడు కరెంటెక్కడిది?"

బాయిలర్ లోపల ఏముంది

చూడ్డానికి రాగి డ్రమ్ములా ఉంటుంది. నిజానికి ఒక గొట్టం చుట్టూ కట్టిన నీళ్ళ తొట్టి అది. ముఖ్యమైన భాగాలు నాలుగు:

1. నడిమి గొట్టం. కింద నుంచి పైదాకా డ్రమ్ము మధ్యలో నుంచి పోతుంది. ఇందులోనే మంట, వేడి గాలి, పొగ. నీళ్ళు దీని చుట్టూ ఉంటాయి.

2. కింద జల్లెడ లాంటి ఇనుప కడ్డీలు. కట్టెలు వీటి మీద ఉంటాయి. బూడిద కిందికి రాలుతుంది, ఆ సందుల్లోంచే గాలి లోపలికి వస్తుంది.

3. నీళ్ళు పోసే గరాటు. పైన కనిపిస్తుంది కానీ, దాని గొట్టం డ్రమ్ము అడుగు దాకా పోతుంది.

4. పైన పక్కకి ఉండే ముక్కు. వేడినీళ్ళు వచ్చేది ఇక్కడి నుంచే.

ఇప్పుడు దీని తెలివి చూడండి. గరాటులో ఒక చెంబు చన్నీళ్ళు పోస్తే ముక్కులోంచి ఒక చెంబు వేడినీళ్ళు వస్తాయి. చన్నీళ్ళు బరువు, అవి అడుగుకి చేరతాయి. వేడినీళ్ళు తేలిక, అవి పైనే ఉంటాయి. కింద చేరినవి పైనున్న వాటిని బయటికి తోస్తాయి. పంపు లేదు, వాల్వు లేదు, థర్మోస్టాట్ లేదు.

గాలి సంగతీ అంతే. నడిమి గొట్టంలో గాలి వేడెక్కి పైకి పోతుంటే, దాని స్థానంలోకి కింద నుంచి చల్లగాలి లాక్కోబడుతుంది. ఫ్యాన్ అక్కర్లేదు. మంట ఎంత బాగా మండితే గాలి అంత బాగా లాగుతుంది. అందుకే మొదటి ఐదు నిమిషాలే కష్టం. గొట్టం చల్లగా ఉన్నప్పుడు పొగ వెనక్కి కొడుతుంది. నానమ్మ ముందు కొబ్బరి పీచు, ఎండు మట్టలు వేసి గొట్టం వేడెక్కించి, తర్వాతే లావు కట్టెలు పెట్టింది.

కట్టెల విషయం కూడా ఇక్కడే చెప్తాను. తడి కట్టె వేస్తే ముందు ఆ తడి ఆవిరి కావడానికే వేడంతా పోతుంది. కిలో నీటిని ఆవిరి చేయడానికి 2.2 మెగాజౌళ్ళ పైనే కావాలి. మంట చల్లబడుతుంది, పొగ ఎక్కువవుతుంది. ఆ వానలో మా దగ్గర పొడిగా ఉన్నవి మెట్ల కింద పడేసిన సెంట్రింగ్ కట్టెలు, ఒక బస్తా కొబ్బరి చిప్పలు మాత్రమే. పాత ప్లైవుడ్, రంగు వేసిన తలుపు ముక్కలు కూడా ఉన్నాయి కానీ వాటిని కాల్చొద్దు. ఆ జిగురు, రంగుల పొగ మంచిది కాదు.

అసలు సమస్య నీళ్ళు

మొదటి రోజు సాఫీగా గడిచింది. రెండో రోజు పొద్దున డాబా మీద ట్యాంకు ఖాళీ. ఇక్కడే నాకు బుర్ర వెలిగింది. బాయిలర్‌కి కరెంట్ అక్కర్లేదు. కానీ బాయిలర్‌లోకి వచ్చే నీళ్ళకి మోటార్ కావాలి, మోటార్‌కి కరెంట్ కావాలి. ఒక హెచ్‌పీ మోటార్ నడిచేటప్పుడే సుమారు వెయ్యి వాట్లు లాగుతుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఎన్నో రెట్లు. ఇంటి ఇన్వర్టర్ వల్ల కాదు.

సీఎస్ఈ వాళ్ళకి ఇది తెలిసిన కథే. సర్వర్‌కి బ్యాకప్ పెట్టి, రౌటర్‌ని మర్చిపోవడం లాంటిది. ఒక వస్తువు కరెంట్ లేకుండా నడుస్తుందా అని కాదు, దాని వెనకున్న వరసలో ప్రతిదీ నడుస్తుందా అని చూడాలి.

నాన్న, బాబాయి సంపులోంచి బకెట్లతో తోడారు. డాబా పైపు కింద డ్రమ్ము పెట్టి వాన నీళ్ళు పట్టాం. వీధిలో నిలిచిన నీళ్ళు మాత్రం స్నానానికి కూడా ముట్టుకోలేదు, వాటిలో డ్రైనేజీ కలిసి ఉంటుంది. మీ సంపులోకి వరద నీళ్ళు దిగితే ఆ సంపు నీళ్ళూ అంతే. ఇంకో మాట, బాయిలర్ నీళ్ళు స్నానానికే, తాగడానికి కాదు.

ఇక నేను చేసిన తప్పు. నీళ్ళు తక్కువున్నాయి కదా అని, గరాటులో పోయకుండా, కడగడానికి ఉండే అడుగు కుళాయి తిప్పి ఒక బకెట్ వేడినీళ్ళు పట్టేశాను. తెలివైన పని అనుకున్నాను. కాసేపటికి లోపల నుంచి చిటపట చప్పుడు. నానమ్మ పరిగెత్తుకొచ్చి కట్టెలన్నీ బయటికి లాగేసింది. "నీళ్ళు తీసి నిప్పుంచినవా బిడ్డా? బాయిలర్ పోతుండె గదా!"

ఎందుకు పోతుంది? నీళ్ళు తాకుతున్నంత సేపు రాగి 100 డిగ్రీలకు మించి పెద్దగా వేడెక్కదు, వేడిని నీళ్ళు లాగేసుకుంటాయి. నీళ్ళ మట్టం తగ్గితే గొట్టం పైభాగం పొడిగా మిగిలి, మంట వేడంతా దానికే ఎక్కుతుంది. లోపలి కళాయి, తగరంతో పెట్టిన అతుకులు 232 డిగ్రీల దగ్గరే కరుగుతాయి. అప్పుడు కంగారుపడి చన్నీళ్ళు పోస్తే ఇంకా ప్రమాదం, ఆవిరి మొహం మీదికి కొడుతుంది.

ముక్కుతో మాత్రమే వాడితే ఈ సమస్యే రాదు. పోసినన్ని నీళ్ళే బయటికి వస్తాయి కాబట్టి మట్టం ఎప్పుడూ తగ్గదు. చేసినవాళ్ళు అది ఆలోచించే చేశారు. అడుగు కుళాయి తిప్పి దాన్ని చెడగొట్టింది నేను.

పొగ లేదంటే ప్రమాదం లేదని కాదు

వాన ఆగట్లేదని బాబాయి బాయిలర్‌ని బాత్రూంలోకి తెద్దామన్నాడు. నానమ్మ ససేమిరా అంది. మెట్ల గది రేకు కింద, రెండు వైపులా గాలాడే చోటే పెట్టించింది. అది కరెక్టే. అయితే అదే నానమ్మ సాయంత్రం బాయిలర్‌లోని నిప్పులు కుంపట్లో వేసి, సాంబ్రాణి చల్లి, వెచ్చగా ఉంటుందని అక్క గదిలో పెట్టింది. వాన జల్లు కొడుతోందని కిటికీలు మూసి ఉన్నాయి. గంటకి అక్క తలనొప్పి, వాంతి వస్తోందంది. అమ్మకి ఏమనిపించిందో, వెంటనే కుంపటి బయట పెట్టి తలుపులన్నీ తెరిచింది. పాపని హాల్లోకి తెచ్చింది. కాసేపటికి అక్క తేరుకుంది. నీరసం అనుకున్నాం అందరం.

అది కార్బన్ మోనాక్సైడ్ అయి ఉంటుందని నాకు తర్వాత చదువుకున్నప్పుడు అర్థమైంది. గాలి సరిపోని చోట నిప్పు కాలితే ఇది వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఎర్రటి నిప్పుల్లో పొగ కనిపించదు కాబట్టి మనం ధైర్యంగా ఉంటాం, కానీ ఈ వాయువు నిప్పుల్లోంచి కూడా బాగా వస్తుంది. తలనొప్పి, వికారం, నిద్రమత్తు దీని మొదటి గుర్తులు. నిద్రపోతున్నవాళ్ళకి అవి కూడా తెలియవు.

ఆ రోజు కుంపటి రాత్రంతా ఉండి ఉంటే? ఆ పాపకి ఇప్పుడు స్కూల్లో బోలెడు ఫ్రెండ్స్. దాన్ని చూసినప్పుడల్లా కాకపోయినా, సాంబ్రాణి వాసన వస్తే మాత్రం నాకు ఆ ప్రశ్న వస్తుంది. నానమ్మకి చెప్పాను. కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా ఇండ్లు గూన పెంకులయి, గాలి వస్తుండె" అంది. నిజమే. పెంకుటింట్లో నడిచిన అలవాటు స్లాబు ఇంట్లో, అల్యూమినియం కిటికీల మధ్య నడవదు.

చలి దేశాల్లో

మనకిది స్నానం సమస్య. చలి దేశాల్లో ప్రాణాల సమస్య. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి 45 లక్షలకు పైగా ఇళ్ళకి, వ్యాపార సంస్థలకి కరెంట్ పోయింది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. అక్కడ గ్యాస్‌తో నడిచే హీటర్లున్న ఇళ్ళు కూడా చల్లబడిపోయాయి, ఎందుకంటే వేడి గాలిని గదుల్లోకి తోసే ఫ్యాన్‌కి కరెంట్ కావాలి. మా మోటార్ కథే అది. కొందరు వెచ్చదనం కోసం గరాజ్‌లో కారు నడిపి, ఇంట్లో బొగ్గుల గ్రిల్ వెలిగించి, కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయారు.

యూరప్‌లో, అమెరికాలో కట్టెల బాయిలర్‌తో ఇల్లంతా వెచ్చబెట్టుకునే పద్ధతి ఉంది. అక్కడ వేడినీళ్ళను గదుల్లోకి పంపేది కరెంటు పంపు. కరెంట్ పోతే పంపు ఆగుతుంది, మంట మాత్రం ఆగదు. స్విచ్ తీస్తే కట్టె ఆరిపోదు కదా. నీళ్ళు మరిగి ప్రెషర్ పెరుగుతుంది. అందుకే మూడు ఏర్పాట్లు చేస్తారు. పంపుకి సరిపడా బ్యాటరీ పెట్టుకోవడం ఒకటి. వేడిని దాచుకునే పెద్ద నీళ్ళ ట్యాంకు ఇంకొకటి. మూడోది నాకు బాగా నచ్చింది: కరెంట్ ఉన్నంత సేపు మూసి ఉండి, పోగానే దానంతటదే తెరుచుకునే వాల్వు. అప్పుడు వేడినీళ్ళు తేలిగ్గా ఉంటాయి కాబట్టి పంపు లేకుండానే పై గదిలోని రేడియేటర్‌కి చేరి, అక్కడ చల్లబడి కిందికి వస్తాయి. మన గరాటు, ముక్కు సూత్రమే.

మీ ఇంట్లో బాయిలర్ ఉంటే

- ఎండాకాలంలోనే కడిగి, నీళ్ళు నింపి, ఎక్కడైనా కారుతోందేమో చూడండి. కళాయి పోయి ఉంటే వేయించండి.
- ముందు నీళ్ళు, తర్వాత నిప్పు. ఆపేటప్పుడు ముందు నిప్పు లాగి, తర్వాతే నీళ్ళు తీయండి.
- వేడినీళ్ళు ముక్కు నుంచే తీసుకోండి. ముక్కుని ఎప్పుడూ మూయకండి, ఆవిరి పోయే దారి అదే.
- ఒక బస్తా ఎండు కట్టెలు, కొబ్బరి చిప్పలు వాన తగలని చోట ఉంచండి.
- మోటార్ లేకుండా నీళ్ళు ఎలా తోడాలో ముందే అనుకోండి. తాడు, బకెట్ చాలు.
- మూసిన గదిలో, బాత్రూంలో నిప్పు వద్దు. కుంపటి అయినా, సాంబ్రాణి నిప్పులైనా.
- ఎవరికైనా తలనొప్పి, వికారం అంటే ముందు వాళ్ళని బయటి గాలికి తీసుకెళ్ళి, వెంటనే డాక్టర్‌కి చూపించండి. మేం ఆ రోజు చూపించలేదు. అది కూడా తప్పే.

మా బాయిలర్ ఇప్పుడు మెట్ల గదిలో రేకు కిందే ఉంది. నెలకోసారి వెలిగిస్తాం. అడుగు కుళాయికి నానమ్మ ఒక గుడ్డ పేలిక గట్టిగా కట్టేసింది, నా కోసమే.