డాక్టర్ హూ మొదటి ఎపిసోడ్ తీసింది లక్నో కుర్రాడు: వారిస్ హుస్సేన్ కథ

సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లు చూసే ఎవరినడిగినా 'డాక్టర్ హూ' పేరు చెప్తారు. బయటి నుంచి చూస్తే నీలం రంగు పోలీస్ బాక్స్, లోపలికి వెళ్తే పేద్ద టైమ్ మెషీన్. 1963 నవంబర్ 23న బీబీసీలో వచ్చిన దాని ఫస్ట్ ఎపిసోడ్ 'యాన్ అనర్త్‌లీ చైల్డ్'. దాన్ని డైరెక్ట్ చేసింది లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. అప్పటికి ఆయన వయసు 24.

ఫోన్ కెమెరాలు టెస్ట్ చేయడం నా రోజువారీ పని. స్టెబిలైజేషన్ ఎలా ఉంది, లో లైట్‌లో నాయిస్ ఎంత వస్తోంది అని గీతలు గీసి మరీ చూస్తుంటాను. అందుకే హుస్సేన్ ఏ స్పెక్స్‌తో ఆ ఎపిసోడ్ తీశారో తెలిశాక ఆయన గురించి రాయకుండా ఉండలేకపోయాను.

లక్నో నుంచి లండన్‌కి

హుస్సేన్ పుట్టింది 1938లో. వాళ్లమ్మ అతియా హుస్సేన్ పేరున్న రచయిత్రి. ఆవిడ నవల 'సన్‌లైట్ ఆన్ ఎ బ్రోకెన్ కాలమ్' 1961లో వచ్చింది. కుటుంబం ఆయన చిన్నప్పుడే ఇంగ్లండ్ వెళ్లింది. కేంబ్రిడ్జ్‌లో చదువు, 1960లో బీబీసీలో ట్రైనీ డైరెక్టర్‌గా ఉద్యోగం.

అప్పటి బీబీసీ డ్రామా డిపార్ట్‌మెంట్ అంటే దాదాపుగా తెల్లజాతి మగవాళ్ల కోట. అందులో డాక్టర్ హూ పని పడింది ఇద్దరు బయటివాళ్ల మీద. ఒకరు భారతీయుడైన హుస్సేన్. రెండోవారు ప్రొడ్యూసర్ వెరిటీ లాంబర్ట్, అప్పటికింకా 30 ఏళ్లు కూడా నిండని యువతి. పైగా ఇది శనివారం సాయంత్రం పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ చూసే ప్రోగ్రామ్. కేంబ్రిడ్జ్ డిగ్రీ చేతిలో పెట్టుకుని గుహల్లో ఆదిమానవుల కథ తీయాలంటే (మొదటి కథలో మిగతా మూడు ఎపిసోడ్లూ అదే) హుస్సేన్‌కి మొదట్లో పెద్దగా ఉత్సాహం లేదట. అయినా ఒప్పుకున్నాక దాన్ని పిల్లల ఆటలా తీయలేదు, సీరియస్ డ్రామాలాగే తీశారు.

ఇవీ స్పెక్స్

- స్టూడియో: లండన్‌లోని లైమ్ గ్రోవ్, స్టూడియో డి. టైమ్ మెషీన్ సెట్ వేస్తే మిగిలేది కాస్త జాగానే.
- పిక్చర్: బ్లాక్ అండ్ వైట్, 405 లైన్లు. ఇప్పుడు మీ ఫోన్ తీసే 4కె ఫ్రేమ్‌లో నిలువునా 2160 పిక్సెళ్లు ఉంటాయి.
- స్టోరేజ్: రెండంగుళాల వెడల్పున్న వీడియో టేప్. ఎడిట్ చేయాలంటే టేప్‌ని నిజంగానే కోసి అతికించాలి. అందుకే వీలైనంతవరకు సీన్లన్నీ వరుసగా, నాటకంలా ఒకే సాయంత్రం తీసేయాలి.
- బడ్జెట్: ఎపిసోడ్‌కి సుమారు 2,300 పౌండ్లు.

ఇలాంటి సెటప్‌లో "తర్వాత ఎడిటింగ్‌లో చూసుకుందాం" అనే మాటే ఉండదు. ఏ కెమెరా ఎప్పుడు ఎటు కదలాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి, అన్నీ రిహార్సల్స్‌లోనే ఫిక్స్ అయిపోవాలి.

ఫస్ట్ బిల్డ్ రిజెక్ట్

1963 సెప్టెంబర్ 27న పైలట్ రికార్డ్ చేశారు. టైమ్ మెషీన్ తలుపులు సరిగ్గా మూసుకోక కొట్టుకుంటూనే ఉన్నాయి. డాక్టర్ పాత్ర మరీ కటువుగా వచ్చింది. డ్రామా హెడ్ సిడ్నీ న్యూమన్ అది చూసి మళ్లీ మొదటి నుంచి తీయమన్నారు. ఉద్యోగాలు పోయినా పోయేవే, ఇద్దరికీ ఇంకో చాన్స్ దొరికింది.

అక్టోబర్ 18న రెండో వెర్షన్ రికార్డయింది. డాక్టర్ కాస్త మెత్తబడ్డాడు. అతని మనవరాలు సూసన్ తాను 49వ శతాబ్దంలో పుట్టానని చెప్పే డైలాగ్ తీసేసి, వేరే కాలం, వేరే లోకం అన్నట్టు మార్చారు. ఎక్కడివాళ్లో తేల్చి చెప్పకపోవడం వల్లే ఆ మిస్టరీ 60 ఏళ్లుగా నడుస్తోంది. ఆ పైలట్ ఇప్పటికీ ఉంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది.

టెలికాస్ట్‌కి ముందు రోజే అమెరికాలో కెనడీ హత్య జరిగింది. జనం దృష్టంతా ఆ వార్తల మీదే. దాంతో తర్వాతి శనివారం రెండో ఎపిసోడ్‌కి ముందు మొదటిది మళ్లీ వేశారు.

టైటిల్స్‌లో కనిపించే ఆ మెలికలు తిరిగే వెలుగు ఎలా వచ్చిందో తెలుసా? కెమెరాని దాని సొంత మానిటర్ వైపే తిప్పారు. మీరూ ట్రై చేయొచ్చు. ఫోన్ స్క్రీన్‌ని టీవీకి కాస్ట్ చేసి, కెమెరా ఆన్ చేసి టీవీ వైపు పెట్టండి. నేను చేసి చూశాను, అంతులేని సొరంగం కనిపిస్తుంది.

బ్యాకప్ లేని మాస్టర్‌పీస్

హుస్సేన్ తీసిన రెండో కథ 'మార్కో పోలో', 1964లో వచ్చింది. మొత్తం ఏడు ఎపిసోడ్లు, అందులో ఆరు ఆయనవే. కుబ్లయ్ ఖాన్ దర్బారు దాకా సాగే ప్రయాణం, భారీ సెట్లు, కాస్ట్యూమ్స్.

ఇప్పుడు అందులో ఒక్క ఎపిసోడ్ కూడా లేదు.

టేప్ ఖరీదైంది కాబట్టి బీబీసీ పాత రికార్డింగ్‌లు చెరిపేసి ఆ టేపుల్నే మళ్లీ వాడేది. విదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్మ్ కాపీలు కూడా తర్వాత చాలావరకు పారేశారు. డాక్టర్ హూ పాత ఎపిసోడ్లలో 90కి పైగా ఇలాగే మాయమయ్యాయి.

మార్కో పోలో సౌండ్ మాత్రం మిగిలింది, ఇళ్లలో ప్రేక్షకులు టీవీ నుంచి రికార్డ్ చేసుకోవడం వల్ల. మరి బొమ్మ? ఆ రోజుల్లో జాన్ క్యూరా అనే ఫోటోగ్రాఫర్ ప్రోగ్రామ్ వస్తుండగా టీవీ తెరని ఫోటోలు తీసి, నటులకీ డైరెక్టర్లకీ అమ్మేవారు. వాటిని టెలీస్నాప్స్ అంటారు. అప్పటి స్క్రీన్‌షాట్లు అనుకోండి. మార్కో పోలో టెలీస్నాప్స్ ఏళ్ల తర్వాత దొరికింది హుస్సేన్ సొంత కలెక్షన్‌లోనే. వేరే డైరెక్టర్ తీసిన నాలుగో ఎపిసోడ్‌వి మాత్రం అందులో లేవు. అంటే సంస్థ చెరిపేసిన పనికి ఆనవాళ్లు మిగిలింది, ఆ పని చేసిన మనిషి కొని దాచుకోబట్టే. క్లౌడ్ సింక్ ఆన్ చేశాం కదా అని నిశ్చింతగా ఉండే మనకి ఇది గుర్తుండాలి.

ఆ తర్వాత

ఈ రెండు కథలతో హుస్సేన్ డాక్టర్ హూ వదిలేశారు. 1965లో బీబీసీకి 'ఎ పాసేజ్ టు ఇండియా' తీశారు. 1971లో 'మెలడీ' సినిమా, అది జపాన్‌లో బాగా ఆడింది. 1978లో తీసిన 'ఎడ్వర్డ్ అండ్ మిసెస్ సింప్సన్' సిరీస్‌కి బాఫ్టా వచ్చింది. ఇంత కెరీర్ ఉన్నా, ఆయన పేరు ఎక్కువమందికి గుర్తుండేది మొదట్లో చేయాలని లేని ఆ పనితోనే.

డాక్టర్ హూ 50 ఏళ్ల సందర్భంగా 2013లో బీబీసీ 'యాన్ అడ్వెంచర్ ఇన్ స్పేస్ అండ్ టైమ్' అనే డ్రామా తీసింది. అందులో హుస్సేన్‌గా సాషా ధావన్ నటించాడు. తర్వాత డాక్టర్ హూలోనే మాస్టర్ అనే విలన్‌గా వచ్చింది కూడా అతనే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఈ డ్రామా చూడండి, ఆ వెంటనే ఫస్ట్ ఎపిసోడ్. ఇరవై ఐదు నిమిషాలే. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, గదిలో లైట్ ఆపేయండి. పాత బొమ్మ కదా అని తీసిపారేయకుండా, టీచర్లిద్దరూ పోలీస్ బాక్స్ లోపలికి తోసుకెళ్లే సీన్ దాకా ఆగండి. 405 లైన్లలో అంత పెద్ద గది ఎలా కనిపించిందో అక్కడ చూస్తారు.